ఇంట్లో కట్టిన తేలిక స్పోర్ట్స్ కారు: ఇంజన్ జోలికి ఇప్పుడే వెళ్లకండి

ఓమ్ని వ్యాను భాగాలతో ఎవరో కట్టిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కొన్నానని, శ్రీకాకుళంలో ఇంటి దగ్గరే పని చేసుకుంటానని, ముందుగా మారుతి జిప్సీ జీపు ఇంజన్ ఎక్కించమంటారా అని అడిగారు. వద్దు. కనీసం ఈ ఏడాది వద్దు.

టెక్కలి దగ్గర మా పాత రైసు మిల్లు షెడ్డులో 2017 నుంచి అలాంటి బండే ఒకటి ఉంది. 1957లో వచ్చిన లోటస్ సెవెన్ అనే బ్రిటిష్ తేలిక స్పోర్ట్స్ కారు తరహాలో గొట్టాలతో అతికిన చట్రం, పైన ఫైబరు ముక్కు. ఇంజన్ మారుతి 800లో ఉన్న 796 సీసీదే. కాకపోతే ఓమ్నిలో అది బండి పొడవు వెంట కూర్చుని వెనక చక్రాలను తిప్పుతుంది కాబట్టి ఇలాంటి బండికి సరిపోతుంది. నేనూ మొదట్లో జిప్సీ 1298 సీసీ ఇంజన్ కోసమే డబ్బు కూడబెట్టాను. ఆ డబ్బు మరో దారిన పోయింది.

యాక్సిలరేటర్ తొక్కితే నా బండి ఎడమకు లాగేది, వదిలితే కుడికి. దారాలు కట్టి చక్రాల అలైన్‌మెంట్ రెండుసార్లు సరిచూసుకున్నాను, టైర్లు కూడా మార్చాను. గుణం రాలేదు. మా మిల్లులో ముప్పై ఏళ్లు ఫిట్టరుగా చేసిన మామయ్య ఒకరోజు వచ్చి, వెనక ఇరుసును పట్టి ఉంచే ఆర్ముల బ్రాకెట్లను వేలితో తడిమి చూశాడు. "బాబూ, పగులు కంటికి కనబడదు, దానికి నూనె తాగించాలి" అన్నాడు. మిల్లు షాఫ్టులకు ఫిట్టర్లు చేసే పరీక్షే అది. వెల్డింగు దగ్గర రంగు గీకేసి కిరోసిన్ పూశాడు. ఇప్పుడు కిరోసిన్ దొరకడం కష్టం, డీజిల్ కూడా పనికొస్తుంది. అరగంట ఆగి పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, పైన సుద్దపొడి పల్చగా అద్ది, సుత్తితో నాలుగు దెబ్బలు మెల్లగా కొట్టాడు. తెల్లటి సుద్ద మీద వెంట్రుకంత నల్లటి గీత నెమ్మదిగా పైకి ఊరింది. దాదాపు అంగుళం పొడవు! ఆ బ్రాకెట్‌తో నేను అప్పటికి రెండేళ్లు తిరిగాను.

పగులు మీద నేరుగా వెల్డింగు పోయించకండి. రెండు కొసల్లో చిన్న రంధ్రాలు వేసి, పగులును గాడిలా గ్రైండింగు చేసి అతికించాలి. బ్రాకెట్‌కు మూల పట్టీ వేయాలి. అది లేకపోవడం వల్లే నాది పగిలింది. నా బండి లాగుడు ఆ రోజుతో పోయింది. ఇంకో అలవాటు: బిగించిన ప్రతి నట్టు మీదుగా బోల్టు దాకా గోళ్లరంగుతో ఒక గీత గీయండి. నట్టు వదులైతే గీత విరిగి కనిపిస్తుంది. మా ఆవిడ సీసా ఖాళీ అయింది, అది వేరే గొడవ.

తర్వాత నాలుగు చక్రాల మీద బరువు పంపకం. మిల్లులో ధాన్యం తూచే ప్లాట్‌ఫారం కాటాలు నాలుగు తెచ్చి, ఒకే మట్టంలో పెట్టి, చక్రానికి ఒకటి చొప్పున ఉంచాను. నా బదులు డ్రైవరు సీటులో 25 కిలోల బియ్యం బస్తాలు మూడు కూర్చోబెట్టాను. ముందు ఎడమ 155, కుడి 145, వెనక ఎడమ 130, కుడి 165 కిలోలు వచ్చాయి. మొత్తం 595. ఎదురెదురు మూలల మొత్తాలు దాదాపు సమానంగా ఉండాలి. నాకు ముందు ఎడమ, వెనక కుడి కలిపితే 320, మిగతా రెండు మూలలు కలిపితే 275! గట్టిగా బ్రేకు వేస్తే ముందు కుడి చక్రం ఎందుకు ముందే జారుతోందో అప్పుడు తెలిసింది. ముందు కుడి స్ప్రింగును కింద మోసే మర ఉన్న రింగును, అంటే కాలరును, కొద్దికొద్దిగా పైకి తిప్పుతూ తూచాను. చివరికి అదే వరుసలో 144, 156, 141, 154 దగ్గర ఆపాను. మూలలు 298, 297 అయ్యాయి. పైసా ఖర్చు లేదు.

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు షెడ్డు రేకు ఒకటి ఊడి బండి ముక్కు మీద పడింది. భావనపాడులో దాన్ని బాగుచేసుకోవడానికి ఫైబరు పడవలు బాగుచేసేవారి దగ్గర మ్యాట్ (గాజు నార పరుపు), రెజిన్ (దాన్ని తడిపే జిగురు) పని నేర్చుకున్నాను. రెజిన్ గట్టిపడటానికి కలిపే కోబాల్టును, హార్డెనర్‌ను నేరుగా ఒకదానిలో ఒకటి ఎప్పుడూ పోయకండి, మంట లేస్తుంది. ముందు కోబాల్టును రెజిన్‌లో బాగా కలిపి, ఆ తర్వాతే హార్డెనర్ పోయాలి. వానాకాలంలో ఈ పని పెట్టుకోకండి.  

రోడ్డు సంగతి మీరు అడగలేదు కానీ చెప్పాలి. తయారీదారు ఇచ్చిన నిర్దేశాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే అంది. నాది మిల్లు కళ్లం దాటదు. దాటినా బొలేరో పికప్ మీద ఎక్కి చెన్నై దగ్గరి శ్రీపెరుంబుదూరు రేసు ట్రాక్ దాకానే.

మీ షాక్ అబ్జార్బర్లకు మర ఉన్న కాలర్లు ఉన్నాయా? లేకపోతే ఇంజన్ డబ్బు ముందు వాటికి పెట్టండి.