స్టెల్లరేటర్ కట్టబోతున్న మేనకోడలికి

అమ్మలూ,

కాలేజీ వాళ్లు వర్క్‌షాపు వెనక గది ఇచ్చారనీ, నువ్వూ నీ స్టూడెంట్లూ కలిసి చిన్న స్టెల్లరేటర్ కట్టబోతున్నారనీ అక్క ఫోన్ చేసి చెప్పింది. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్లు ఊరు కాని ఊళ్లో ప్లాస్మా ల్యాబులో వాక్యూమ్ పని చేసి, రిటైరై కోనసీమ వచ్చి కొబ్బరితోట చూసుకుంటున్నాను. ఈ మాట మళ్లీ మన ఇంట్లోనే వినబడుతుందని అనుకోలేదు. నువ్వు పంపిన ప్లాను రెండుసార్లు చదివాను. చాలా సంతోషం. అందులో ఒక్క లైను మాత్రం నాకు నచ్చలేదు: ‘ఫిబ్రవరిలో కాలేజీ డే నాటికి ప్లాస్మా వెలిగించాలి.’ ఆ లైను కొట్టెయ్యి. ముందు అయస్కాంత క్షేత్రం సరిగ్గా ఉందో లేదో కొలుచుకో, ఆ తర్వాతే ప్లాస్మా. ఎందుకంటున్నానో వివరంగా రాస్తాను.

నీకు తెలిసిందే అయినా, పిల్లలకి చెప్పడానికి పనికొస్తుందని మొదట్నుంచీ చెబుతాను. ప్లాస్మా అంటే అయాన్లుగా, ఎలక్ట్రాన్లుగా విడిపోయిన గ్యాసు. దాన్ని గోడకి తగలకుండా అయస్కాంత క్షేత్రంతో పట్టి ఉంచే యంత్రమే స్టెల్లరేటర్. గుండ్రంగా వంచిన గొట్టం చుట్టూ కాయిల్స్ పెట్టి కరెంటు ఇస్తే, లోపలి వంపు వైపు క్షేత్రం ఎక్కువ, బయటి వైపు తక్కువ. ఆ తేడా వల్ల అయాన్లు పైకి జరిగితే ఎలక్ట్రాన్లు కిందికి జరుగుతాయి. రెండూ విడిపోయేసరికి మధ్యలో విద్యుత్ క్షేత్రం పుట్టి, ప్లాస్మాని మొత్తంగా బయటి గోడకేసి తోసేస్తుంది. దీనికి మందు క్షేత్ర రేఖల్ని మెలి తిప్పడమే. పిల్లల్ని ఒకసారి అంబాజీపేట వైపు తీసుకొచ్చి పీచు తాడు పేనడం చూపించు. తాడులో ఒక పాయని వేలితో వెంబడిస్తూ పోతే కాసేపు పైన ఉంటుంది, కాసేపటికి కిందికి వస్తుంది. రేఖ అలా పైకీ కిందికీ తిరుగుతుంటే పైన చేరిన చార్జీ కిందికి, కింద చేరింది పైకి పోయి కలిసిపోతాయి. టోకమాక్ అనే ఇంకో రకం యంత్రంలో ఈ మెలిక కోసం ప్లాస్మాలోనే కరెంటు నడుపుతారు. స్టెల్లరేటర్‌లో ఆ పని అంతా బయటి కాయిల్స్‌దే. అందుకే ప్లాస్మాలో కరెంటు ఒక్కసారిగా తెగిపోయే గొడవ దీనికి ఉండదు. బదులుగా కాయిల్ ఆకారంలో, అది కూర్చున్న చోటులో ఏ చిన్న తప్పున్నా క్షమించదు.

1951లో ప్రిన్స్‌టన్‌లో లైమన్ స్పిట్జర్ దీన్ని మొదలుపెట్టినప్పుడు మెలిక కోసం గొట్టాన్నే ఎనిమిది అంకెలా వంచాడు. 1968లో రష్యా వాళ్లు టి-3 టోకమాక్ ఫలితాలు బయటపెట్టాక లోకమంతా అటు తిరిగింది. ప్రిన్స్‌టన్ వాళ్లు కూడా 1970 నాటికి తమ మోడల్-సి స్టెల్లరేటర్‌ని టోకమాక్‌గా మార్చేశారు. కాయిల్ ఆకారాన్ని లెక్కగట్టే కంప్యూటర్లు వచ్చాకే దీనికి మళ్లీ ప్రాణం వచ్చింది. జర్మనీలోని గ్రైఫ్స్‌వాల్డ్‌లో ఉన్న వెండెల్‌స్టైన్ 7-ఎక్స్‌లో వంకర తిరిగిన సూపర్ కండక్టర్ కాయిల్స్ 50, సమతలంగా ఉన్నవి 20. 2023 ఫిబ్రవరిలో అందులో ప్లాస్మాని 8 నిమిషాలు నిలబెట్టారు. కానీ నువ్వు చూడాల్సింది ఆ 8 నిమిషాలు కాదు. వాళ్లకి మొదటి ప్లాస్మా 2015 డిసెంబర్ 10న వచ్చింది. దానికి ముందే, ఆ వేసవిలో, ఖాళీ పాత్రలో ఎలక్ట్రాన్ కిరణం వదిలి క్షేత్రం అనుకున్నట్టు వచ్చిందా అని కొలిచారు. లక్షలో ఒక వంతు కంటే తక్కువ తేడా కనిపించింది. అన్నేళ్లు కష్టపడి కట్టినవాళ్లే ముందు కొలుచుకున్నారు, మనకేం తొందర?

కొలతల దగ్గర దెబ్బతిన్న కథ కూడా ఉంది. ప్రిన్స్‌టన్‌లో ఎన్‌సీఎస్‌ఎక్స్ అనే స్టెల్లరేటర్ మొదలుపెట్టి, ఖర్చూ గడువూ చెయ్యి దాటిపోవడంతో 2008లో మధ్యలోనే ఆపేశారు. మిల్లీమీటరు లెక్కల్లో పని చెయ్యాల్సిన కష్టం అందులో పెద్ద భాగం. అందుకే నీ ప్లానులో ఉన్న పన్నెండు వంకర కాయిల్స్ వద్దంటాను. కొలంబియా యూనివర్సిటీ వాళ్లు 2004లో నడిపించిన సీఎన్‌టీ అనే చిన్న స్టెల్లరేటర్ చూడు. నాలుగే కాయిల్స్, అన్నీ గుండ్రటివే. రెండు పెద్దవి పాత్ర బయట ఉంటాయి. రెండు చిన్నవి గొలుసు లింకుల్లా ఒకదాంట్లో ఒకటి దూరి లోపల ఉంటాయి. పాత్ర మామూలు డ్రమ్ము. గుండ్రటి కాయిల్ అయితే మీ భీమవరంలో చెరువుల ఏరేటర్ మోటార్లు చుట్టే ఏ వైండింగ్ షాపులోనైనా చుట్టిస్తారు. వాళ్ల చేతులు మన చేతుల కంటే నమ్మకమైనవి. చుట్టించాక వార్నిష్ పోయించి, ఎండబెట్టి, మెగ్గర్ పెట్టి ఇన్సులేషన్ చూడందే తీసుకోకు.

ఇందులోనూ ఒక ఇబ్బంది ఉంది. లోపలి రెండు కాయిల్స్ వాక్యూమ్‌లో ఉంటాయి. వార్నిష్ నుంచి గ్యాసు వస్తూనే ఉంటుంది కాబట్టి వాటిని స్టీలు తొడుగులో పెట్టి మూతి వెల్డ్ చెయ్యాలి. చుట్టూ గాలి లేదు గనక వేడి పోయే దారి కూడా ఉండదు. ఒక చిన్న లెక్క వేసి చూపిస్తాను. 20 సెంటీమీటర్ల వ్యాసార్థం ఉన్న ఒక్క కాయిల్ మధ్యలో 437 గౌస్ (గౌస్ అంటే క్షేత్రం బలానికి కొలత, 437 ఎందుకో తర్వాత చెబుతాను) రావాలంటే దాదాపు 14,000 ఆంపియర్ టర్నులు కావాలి. అంటే 100 చుట్లు, 140 ఆంపియర్లు. 16 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వాడితే సుమారు 19 వోల్టులు పడుతుంది, రెండు లారీ బ్యాటరీలు సరిపోతాయి. పది సెకన్లు నడిపితే కాయిల్ నాలుగు డిగ్రీలు వేడెక్కుతుంది. నాలుగే కదా అని నిమిషానికోసారి నడిపారంటే ఇరవై షాట్లకి ఎనభై డిగ్రీలు. ప్రతి కాయిల్‌లోనూ వేడి కొలిచే థర్మోకపుల్స్ రెండు చుట్టించు. తొడుగు మూసేశాక మళ్లీ పెట్టలేవు.

ఆ రెండు లింకుల మధ్య కోణమే నీ యంత్రానికి ప్రాణం. వంపు అరడిగ్రీ మారితే క్షేత్రం ఎంత మారుతుందో ముందే పైథాన్‌లో బయో-సవార్ లెక్కతో (కరెంటుని బట్టి క్షేత్రం కట్టే లెక్క) చూసుకో. సిమ్‌సాప్ట్ అనే స్టెల్లరేటర్ సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. కాయిల్‌ని పట్టుకునే కాళ్లు సర్దుబాటుకి వీలుగా ఉండాలి, ఒకసారి బిగించాక చచ్చినా కదలకూడదు.

గది సంగతి. నేలలో ఇనుప ఊచలు ఉంటాయి, పక్కనే లేత్ మిషన్ ఉంటుంది, మూలన బీరువా ఉంటుంది. భూమి క్షేత్రమే 0.4 గౌస్ దాకా ఉంటుంది. నీ 437తో పోలిస్తే అది వెయ్యో వంతు. కొలిచేటప్పుడు కరెంటు పదో వంతుకి తగ్గిస్తే నూరో వంతు అవుతుంది. అందుకే ప్రతి కొలతా రెండుసార్లు తియ్యి, రెండోసారి కరెంటు దిశ తిప్పి. కాయిల్ తప్పు రెండిట్లోనూ ఒకేలా కనిపిస్తుంది, భూమి వల్ల వచ్చిన తేడా అటుదిటు అవుతుంది. డ్రమ్ముకి 316ఎల్ స్టీలే తీసుకో. 304కి వెల్డింగ్ చేసిన చోట కొంచెం అయస్కాంత గుణం వస్తుంది. చిన్న అయస్కాంతం వెల్డుకి ఆనించి చూస్తే నీకే తెలుస్తుంది.

ఇక వాక్యూమ్. నా జీవితమంతా గడిచింది ఇక్కడే.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు మా ల్యాబులో ఒక చాంబర్ ఎంత పంపు చేసినా ఒక చోట ఆగిపోయేది. లోపలి ఒత్తిడి మిల్లీబారులో లక్షో వంతు దగ్గరికి వచ్చి అక్కడే కూర్చునేది. మూడు వారాలు వెతికాం. ప్రతి వెల్డు మీదా హీలియం ఊదాం, గాలి దూరకుండా వేసే రబ్బరు ఓ-రింగులన్నీ మార్చాం. లీకు పట్టే డిటెక్టర్ ఎక్కడా పలకలేదు. చివరికి చాంబర్ విప్పి, లోపలి బ్రాకెట్ బోల్టులు ఒక్కొక్కటీ తీసి చూస్తే, నాలుగు బోల్టులు అడుగు మూసుకుపోయిన రంధ్రాల్లో బిగించి ఉన్నాయి. రంధ్రం అడుగున చిక్కిన గాలి మర సందుల్లోంచి రోజుల తరబడి కొంచెం కొంచెంగా బయటికి వస్తోంది. ఆ నాలుగూ బిగించింది నేనే. లోపల వాడే ప్రతి బోల్టుకీ నిలువునా సన్న రంధ్రం వేయించు. వెల్డింగ్ కూడా డ్రమ్ము లోపలి వైపు నుంచే చేయించు. బయట చేస్తే లోపల సందు మిగిలి ఇలాగే ఏడిపిస్తుంది. టిగ్ వెల్డర్ లోపలికి చెయ్యి పట్టదంటాడు. పట్టేలా డిజైన్ చెయ్యి.

మన డెల్టాలో ఇంకో శత్రువు తేమ. స్టీలు గోడని చూస్తే పొడిగానే ఉంటుంది, దానికి నీటి పొర అతుక్కునే ఉంటుంది. వానాకాలంలో మూత ఒక్క పూట తెరిచి ఉంచావంటే మళ్లీ రెండు మూడు రోజులు పంపు చెయ్యాలి. తెరవాల్సిన పనులన్నీ కూడబెట్టుకుని వేసవిలో ఒకేసారి చెయ్యండి. తెరిచేముందు పొడి నైట్రోజన్ నింపండి. మూశాక డ్రమ్ముకి హీటింగ్ టేపు చుట్టి, ఓ-రింగులకీ కాయిల్ వార్నిష్‌కీ దెబ్బ తగలకుండా, వంద డిగ్రీల లోపు ఒకటి రెండు రోజులు వేడి చెయ్యండి. చేతి తొడుగు లేకుండా లోపల ఎవరూ చెయ్యి పెట్టకూడదు. వేలిముద్ర నూనె కూడా ఒక లీకే. రోటరీ పంపు ఒక్కటే అయితే చాలదు, దానికీ డ్రమ్ముకీ మధ్య టర్బో పంపు ఉండాలి. కరెంటు పోతే పంపు నూనె వెనక్కి పీల్చుకోకుండా తనంతట తను మూసుకునే వాల్వు పెట్టించు. మన ఊళ్లల్లో గాలివాన వచ్చిందంటే కరెంటు ఎప్పుడొస్తుందో నీకు తెలుసు కదా.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

విదేశంలో ఒక యూనివర్సిటీ ల్యాబుకి నన్ను ఆరు నెలలు పంపినప్పుడు ఈ కొలత కళ్లారా చూశాను. గదిలో లైట్లన్నీ ఆపేసి కిటికీలకి నల్ల గుడ్డ కట్టారు. పాత్ర లోపల అగ్గిపుల్ల తల కంటే చిన్న ఎలక్ట్రాన్ గన్, వంద వోల్టులు దాటని కిరణం. ఆ కిరణం క్షేత్ర రేఖని పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. జింక్ ఆక్సైడ్ ఫాస్ఫర్ పూసిన సన్న కడ్డీని దారికి అడ్డంగా మెల్లగా జరుపుతారు. కిరణం తగిలిన చోటల్లా ఆకుపచ్చని చుక్క మెరుస్తుంది. కంటికి ఒకటి రెండు చుక్కలే కనబడతాయి. కెమెరా మూత అర నిమిషం తెరిచి ఉంచితే, ఫొటోలో చుక్కలన్నీ కలిసి ఒక మూసుకున్న వలయం. గన్‌ని కాస్త లోపలికి జరిపారు, ఇంకో వలయం వచ్చింది. అలా పదిహేనో పదహారో, ఆత్రేయపురం పూతరేకు అడ్డంగా కోస్తే పొర మీద పొర కనబడినట్టు. నేను ఊపిరి బిగబట్టి చూశాను. ప్లాస్మా లేదు, వేడి లేదు, ఖాళీ పాత్ర. అయినా ఆ యంత్రం ఏం చెయ్యగలదో మొత్తం అక్కడ కనబడింది.

బయటి వైపు ఒక చోట మాత్రం వలయం బదులు మూడు చిన్న చిక్కుడు గింజల ఆకారాలు వచ్చాయి. వాటిని ఇంగ్లీషులో ఐలండ్స్ అంటారు. మనకైతే లంకలే. గోదావరి పాయలుగా చీలి మధ్యలో లంక మిగిల్చినట్టు, క్షేత్ర రేఖలు చీలి తమలో తాము చుట్టుకుంటాయి. ఏ రేఖైతే కొన్ని చుట్లకే బయల్దేరిన చోటికి తిరిగి వస్తుందో అక్కడే ఇవి పుడతాయి. ప్రతి చుట్టులోనూ అదే చిన్న తప్పు అదే చోట తగులుతుంది కాబట్టి అది పెరుగుతుంది. రోజూ ఒకే చోట తొక్కిన చేనుగట్టు అక్కడే తెగుతుంది చూడు, అలాగ. లంక ఉన్నంత మేరా ప్లాస్మా వేడి అడ్డదారిలో బయటికి పోతుంది. ఆ ఫొటో చూసి వాళ్లు రెండు రోజులు ప్లాస్మా ఆపేసి కాయిల్ కాళ్లు సరిచేశారు.

నువ్వు ఈ ఫొటో తియ్యకుండా ప్లాస్మా వెలిగిస్తే ఏమవుతుందంటే, ఏదో ఒకటి వెలుగుతుంది. డ్రమ్ములో పలచని గ్యాసు, మైక్రోవేవ్ ఉంటే క్షేత్రం అస్తవ్యస్తంగా ఉన్నా గులాబీ రంగు వస్తుంది. అందరూ చప్పట్లు కొడతారు. అది స్టెల్లరేటర్ ప్లాస్మానో, ఉత్త మెరుపో నీకూ తెలియదు, పిల్లలకీ తెలియదు. కాలేజీ డేకి ఆ వలయాల ఫొటో పెద్దదిగా ప్రింటు తీసి గోడకి పెట్టు. దాని ముందు నిలబడి పిల్లలే వివరించనీ.

ప్లాస్మా గురించి కొంచెమే రాస్తాను, దానికింకా టైముంది. ఇంట్లో మైక్రోవేవ్ ఒవెన్‌లో తరంగాలు పుట్టించే మాగ్నెట్రాన్ 2.45 గిగాహెర్ట్జ్. ఎలక్ట్రాన్లు ఆ తరంగంతో సమానంగా తిరగాలంటే 875 గౌస్ కావాలి, అందులో సగం వేగంతో తిరిగినా చాలనుకుంటే (రెండో హార్మోనిక్ అంటారు) సగం చాలు. నీ 437 అక్కణ్నుంచే వచ్చింది. కోస్టారికాలో ఎస్‌సీఆర్-1 అనే చిన్న యంత్రం 2016లో ఈ దారిలోనే మొదటి ప్లాస్మా చూసింది. గ్యాసు హీలియంతో మొదలుపెట్టు, హైడ్రోజన్ జోలికి ఇప్పుడే వద్దు. ఇందులో ఫ్యూజన్ (సూర్యుడిలోలా కేంద్రకాలు కలిసిపోవడం) జరగదని ప్రిన్సిపాల్ గారికి ముందే స్పష్టంగా చెప్పు. పేపర్ వాళ్లు వచ్చాక చెబితే ఎవరూ వినరు.

రెండు విషయాల్లో మాత్రం నా మాట కాదనకు. ఒవెన్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్ వేల వోల్టులు ఇస్తుంది, కెపాసిటర్ వాటిని పట్టుకుని ఉండి ప్లగ్గు తీసినా ప్రాణం తీస్తుంది. నువ్వు గదిలో లేకుండా స్టూడెంట్ ఎవరూ దాని మూత విప్పకూడదు. చూసే కిటికీకి రాగి జాలీ వేసి, లీకేజీ మీటర్ పెట్టి చూడందే కళ్లు దగ్గర పెట్టకూడదు. రెండోది బ్యాటరీలు. ఇంట్లో ఏసీ కరెంటు సెకనుకి వందసార్లు సున్నాకి వస్తుంది కాబట్టి స్విచ్ తీస్తే మంట ఆరుతుంది. డీసీ అలా ఆరదు. పైగా కాయిల్ తనలో ఉన్న శక్తినంతా ఆ సందులోకే తోస్తుంది. ఒకసారి నా పక్కనే తీగ చివర బిగించే లగ్గు వదులై, కరెంటు ఉండగానే ఊడింది. పట్టుకున్న కుర్రాడి అరచెయ్యి మానడానికి నాలుగు నెలలు పట్టింది. కాయిల్‌కి అడ్డంగా డయోడ్ పెట్టు, డీసీకి తయారైన కాంటాక్టరే (పెద్ద కరెంటు స్విచ్) వాడు, లగ్గులు ప్రతి వారం బిగించి చూడు. బ్యాటరీల దగ్గర ఉంగరాలు, కడియాలు, వాచీలు తీసేయమను.

దసరా వెళ్లాక చించినాడ వంతెన మీదుగా పొద్దున్నే బయల్దేరి వస్తాను. అప్పటిదాకా డ్రమ్ము స్టీలు కొనకు. ముందు గది నేలంతా అడుగుకొకటి చొప్పున సుద్దముక్కతో గళ్లు గీయించి ఉంచు. నా దగ్గర మంచి దిక్సూచి ఉంది. గడికొకసారి పెట్టి, ముల్లు ఎక్కడ పక్కకి లాగుతోందో పిల్లల చేత రాయిద్దాం. డ్రమ్ము ఎక్కడ నిలబెట్టాలో ఆ కాగితం చూశాక మాట్లాడుకుందాం.

అక్కకీ బావగారికీ నమస్కారాలు చెప్పు.

ఆశీస్సులతో,
మావయ్య