వల సంగతి సరే, లోపల ఎందరుంటారు?

“మాకు ఐదేళ్ళ బాబు, తొమ్మిదేళ్ళ పాప ఉన్నారు. పెరట్లో ట్రాంపోలిన్ వేయించాలనుకుంటున్నాము. చుట్టూ వల ఉన్నదే కొంటే భయపడనక్కర లేదు కదా?” అని మీరు అడిగారు. ఆరేళ్ళ క్రితం నేను కూడా దాదాపు ఈ మాటలతోనే నలుగురినీ అడిగాను. వల ఉంటే చాలునని చెప్పినవారినే నమ్మాను, ఎందుకంటే నాకు కావలసిన జవాబు అదే. మా అమ్మాయి కాలు విరిగింది వల దాటి బయట పడినందువల్ల కాదు. వల లోపల, ఫ్రేముకు స్ప్రింగులతో బిగించిన ఎగిరే గుడ్డ, అంటే మ్యాట్, నట్టనడుమ, నేను పక్కనే ఉండగా విరిగింది. పక్కనే ఉండగా అనడం కూడా నన్ను నేను కాపాడుకునే మాటే అవుతుంది. ఆ ఎముక విరగడానికి కారణం నేనే.

అప్పటికి అమ్మాయికి నాలుగేళ్ళు, బరువు 16 కిలోలు. ట్రాంపోలిన్ వచ్చి మూడు వారాలయింది. చేయవలసిన జాగ్రత్తలన్నీ చేశాననే ధీమాతో ఉన్నాను: నేల చదును చేయించాను, గోడకూ చెట్టుకూ దూరంగా పెట్టించాను, స్ప్రింగుల మీద మెత్తలు సరిగా కప్పి ఉన్నాయో లేదో ప్రతి ఉదయం చూసేవాణ్ణి, వలకు ఉన్న జిప్పును పిల్లలు ఎక్కగానే నేనే మూసేవాణ్ణి. ఒక ఆదివారం సాయంత్రం అక్కయ్య, బావగారు, పదకొండేళ్ళ మా మేనల్లుడు వచ్చారు. వాడు లోపలికి వెళ్ళి ఎగరడం మొదలుపెట్టేసరికి చిన్నది నిలదొక్కుకోలేక అంచున కూలబడి, వాడు దిగిన ప్రతిసారీ బంతిలాగా పైకి లేస్తూ పకపకా నవ్వుతున్నది. వాడి కాళ్ళ కింద పడుతుందేమోనని నాకు గుండె గుబగుబలాడింది. అందుచేత వాణ్ణి బయటికి పంపించి, దాని పక్కన ఒక పెద్ద మనిషి ఉంటే మంచిదని నేనే లోపలికి వెళ్ళాను. పదకొండేళ్ళ పిల్లవాణ్ణి ప్రమాదమని పంపించి, 78 కిలోల మనిషిని రక్షణ అనుకుని లోపల పెట్టానన్న మాట.

“నాన్నా, నువ్వూ ఎగురు” అన్నది. మెల్లగా మూడు సార్లు ఎగిరాను. నిజంగా మెల్లగానే ఎగిరాను, నా పాదాలు మ్యాట్‌ను విడిచి జానెడు కూడా లేచి ఉండవు. నాలుగోసారి అది అంతకు ముందెన్నడూ లేనంత ఎత్తుకు లేచింది. జుట్టు నిక్కబొడుచుకుని, కళ్ళు చేటంత చేసుకుని, గాలిలో ఉన్నంతసేపూ నవ్వుతూనే ఉన్నది. దిగింది. పడలేదు, దొర్లలేదు, దేనికీ కొట్టుకోలేదు. రెండు కాళ్ళ మీదే దిగి, అలాగే మెల్లగా కూర్చుండిపోయింది. కొన్ని క్షణాల పాటు ఏడవను కూడా ఏడవలేదు, ఏదో వస్తువు పోగొట్టుకున్నదానిలాగా నా ముఖం చూసింది. ఆ తరువాత ఎడమ కాలు నేల మీద మోపనివ్వలేదు.

వాపు లేదు, కమిలిన మచ్చ లేదు. ఆ రాత్రి ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, ఎముకకు ఏమీ కాలేదని, బెణికి ఉంటుందని, రెండు రోజుల్లో పరుగులు పెడుతుందని చెప్పి పంపించారు. రెండు రోజులు కాదు, వారం దాటినా అది నడవలేదు. నాలుగేళ్ళ పిల్ల ఇల్లంతా పసిబిడ్డలాగా పాకుతూ తిరుగుతుంటే, భయపడి మారాం చేస్తున్నదని ఇంటికి వచ్చినవారంతా తీర్పు చెప్పారు. ఇక్కడొక మాట చెప్పుకోవాలి. చిన్నపిల్లలు నొప్పి నటించరు, నటించినా పది రోజుల పాటు నటించలేరు. ఆటబొమ్మ అవతలి గదిలో ఉన్నా లేచి వెళ్ళని పిల్ల మారాం చేస్తున్నదని అనేవారి మాట వినకండి. పదో రోజున ఇంకొక ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాము. ఆయన కాలు పట్టుకోకముందే అడిగిన మొదటి ప్రశ్న నాకు ఇప్పటికీ చెవుల్లో ఉన్నది: “ట్రాంపోలిన్ మీద పాపతో పాటు ఎవరున్నారు? వారి బరువెంత?”

కొత్త ఎక్స్‌రేలో మోకాలికి కొంచెం కింద, టిబియా అనే పెద్ద ఎముక పైభాగంలో, వెంట్రుకంత గీత కనిపించింది. ఇలాంటి సన్నని చీలిక మొదటి రోజు చిత్రంలో కనబడకపోవడం మామూలేనని, మానడం మొదలయ్యాకే బయటపడుతుందని ఆయన వివరించారు. రెండేళ్ళ నుంచి ఆరేళ్ళ లోపు పిల్లల్లో సరిగ్గా ఆ చోట, సరిగ్గా ఈ విధంగా విరగడం ఎంత పరిపాటి అంటే, దానికి వైద్యుల్లో ట్రాంపోలిన్ ఫ్రాక్చర్ అనే పేరే ఉన్నదట. ఒక ఆటవస్తువు పేరు మీద ఒక ఎముక విరుపు ఉన్నదని నాకు కొనేటప్పుడు ఎవరూ చెప్పలేదు. నాలుగు వారాలు కాలికి కట్టు ఉన్నది.

ఆ సాయంత్రం బావగారు ఫోనులో వీడియో తీశారు. (పిల్లలు ఎగురుతున్నచోట పెద్దవారు చేసే కాపలా ఈ రోజుల్లో చాలావరకు ఇదే. కన్ను తెర మీద ఉంటుంది, పిల్ల తెరలో ఉంటుంది, దాన్నే దగ్గరుండి చూసుకోవడం అనుకుంటాము.) కట్టు వేయించి ఇంటికి వచ్చిన రాత్రి ఆ వీడియోను నిదానంగా, ముక్క ముక్కగా ఆపి చూశాను. నేను దిగినప్పుడు మ్యాట్ లోతుగా కుంగింది. నా బరువు అందులో దాచిన శక్తినంతా తీసుకుని అది మళ్ళీ పైకి లేస్తున్న క్షణంలోనే అమ్మాయి పాదాలు దానికి తగిలాయి. అప్పుడు అమ్మాయి ఆకాశానికి లేచింది. ఆ తరువాతి దిగుడు ఇంకా అన్యాయం: పిల్ల పై నుంచి కిందికి వస్తున్నది, నా వల్ల మ్యాట్ కింది నుంచి పైకి వస్తున్నది, రెండు వేగాలూ ఎదురెదురుగా ఢీకొన్నాయి. ఒంటరిగా ఎగిరే పిల్లకు మ్యాట్ పరుపులాగా కుంగి దెబ్బను మింగుతుంది. పక్కన బరువైన మనిషి ఉంటే అదే మ్యాట్ బిగిసిన నేలలాగా, అంతకన్నా ఘోరంగా, ఎదురొచ్చి కొట్టే నేలలాగా మారుతుంది. నా బరువు అమ్మాయి బరువుకు దాదాపు ఐదింతలు. దీనిలో వల చేయగలిగిన పని ఏమిటో మీరే చెప్పండి.

కాలు విరిగాక చదవడం మొదలుపెట్టాను, అందరూ చేసే పనే. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ అనే పిల్లల వైద్యుల సంస్థ ఇళ్ళలో ట్రాంపోలిన్లు వద్దని 1999లోనే చెప్పింది, 2012లో మళ్ళీ విడమరిచి చెప్పింది. కెనడా పిల్లల వైద్యులు కూడా 2007లో అదే మాట అన్నారు. 2012 నాటి ఆ పత్రంలో నన్ను కూర్చోబెట్టిన సంగతి ఏమిటంటే, గాయాల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు ఒకరి కంటే ఎక్కువ మంది ఒకేసారి ఎగురుతున్నప్పుడు జరిగినవి. కలిసి ఎగిరేవారిలో అందరికన్నా చిన్నవారికి దెబ్బ తగిలే అవకాశం పెద్దవారితో పోలిస్తే 14 రెట్ల దాకా ఉంటుంది. కింద పడటం వల్ల అయ్యే గాయాలు 27 నుంచి 39 శాతమేనట. అంటే వల తన పనిని నూటికి నూరు పాళ్ళు చేసినా ఆపగలిగేది ఈ వాటాను మాత్రమే. మరి పెద్దవారు దగ్గరుంటే ఏమీ కాదంటారా? మూడింట ఒక వంతు నుంచి సగం దాకా గాయాలు పెద్దవారు చూస్తుండగానే అయ్యాయని అదే పత్రం చెబుతున్నది. ఆ లెక్కలో మా ఇల్లు లేకపోయినా, చదువుతున్నంతసేపూ మా పెరడే కనిపించింది.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది మా ట్రాంపోలిన్ వచ్చిన పెట్టె. దాని మీద నలుగురు పిల్లలు, ఒకడు మరీ బుడతడు, చేతులు పట్టుకుని గాలిలో తేలుతున్న రంగుల బొమ్మ ఉన్నది. లోపల, బోల్టుల సంచి కింద మడిచి పెట్టిన కాగితంలో, చీమ తలకాయంత అక్షరాల్లో, ఒకసారికి ఒక్కరు మాత్రమే ఎగరాలని, ఆరేళ్ళ లోపువారు ఎక్కరాదని రాసి ఉన్నది. బొమ్మను చూసి కొంటాము, కాగితాన్ని ఏ దెబ్బో తగిలాక చదువుతాము. స్ప్రింగులు లేని రకాలు వచ్చాయి కదా అని కొందరంటారు. వాటిలో స్ప్రింగులకూ ఇనుప అంచుకూ కొట్టుకునే బాధ తగ్గుతుంది, కాదనను. కానీ రెండో మనిషి బరువు ఎక్కడికి పోతుంది?

ఒలింపిక్స్‌లో ఉన్న ఆట ప్రమాదకరం ఎలా అవుతుందని మా అక్కయ్యే నన్ను అడిగింది. ఈ పరికరాన్ని అమెరికాలో 1930లలో రూపొందించిన జార్జ్ నిస్సెన్ జిమ్నాస్టు, అది జిమ్నాస్టుల సాధన కోసం పుట్టిన వస్తువు. 2000లో సిడ్నీలో అది ఒలింపిక్ క్రీడ అయిన మాట నిజమే, కానీ ఆ పోటీలో ఒక మ్యాట్ మీద ఒక్కరే ఉంటారు. అంతెందుకు, ఇద్దరు కలిసి ఒకే తాళంలో ఎగిరే సింక్రనైజ్డ్ పోటీలలో కూడా వారికి పక్కపక్కన రెండు వేరు వేరు ట్రాంపోలిన్లు వేస్తారు. ఏళ్ళ తరబడి సాధన చేసిన ఇద్దరు క్రీడాకారులు పంచుకోని మ్యాట్‌ను మనం నాలుగేళ్ళ పిల్లకూ దాని తండ్రికీ పంచిపెట్టాము.

“మేము చెట్లెక్కి పడలేదా, మాకేమయింది?” అనే పెద్దలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. చెట్టు నిజాయతీ గలది. ఎక్కిన ఎత్తు ఎంతో ఎక్కినవాడికి తెలుస్తుంది, అంతే ఎత్తు నుంచి పడతాడు. ట్రాంపోలిన్ అలా కాదు, పక్కవాడి బరువును తెచ్చి మీ పిల్ల కాళ్ళకు అప్పగిస్తుంది, ఎంత ఎత్తుకు లేస్తుందో పిల్లకు ముందుగా తెలియదు.

మీ పిల్లల విషయానికి వస్తాను. ఐదేళ్ళ బాబును ఎక్కించకండి, ఇందులో నాకు సందేహం లేదు. తొమ్మిదేళ్ళ పాప ఒంటరిగా, మ్యాట్ నడుమ, పల్టీలు కొట్టకుండా ఎగిరితే నాకు పెద్ద అభ్యంతరం లేదు. పల్టీలు మాత్రం వద్దే వద్దు, మెడ వెన్నెముకకు జీవితాంతం మిగిలే దెబ్బలకు ముఖ్య కారణాల్లో ఒకటి పల్టీ తప్పి తలమీద దిగడం, అది వల లోపల కూడా జరుగుతుంది. ఆట అయిపోగానే నిచ్చెన తీసి లోపల పెట్టకపోతే చిన్నవాడు ఎవరూ చూడనప్పుడు తనంతట తానే ఎక్కుతాడు. వాడు మ్యాట్ కిందికి దూరినా ప్రమాదమే, పైన ఎగిరేవారు దిగి మ్యాట్ కుంగినప్పుడు అది వాడి తల మీదికి వస్తుంది.

అయితే ఇదంతా చెబుతున్నాను గాని, ఇద్దరు పిల్లలున్న ఇంట్లో “ఒక్కొక్కరే” అన్న నియమం నిలుస్తుందని నేను నమ్మను. మేమూ ప్రయత్నించాము. అమ్మాయికి ఆరేళ్ళు నిండాక మళ్ళీ తెరిచి, వంతుల కోసం గడియారం పెట్టి, నియమాలను అట్ట మీద రాసి ఫ్రేముకు కట్టాము. తన వంతు కోసం బయట నిలబడిన పిల్లకు ఐదు నిమిషాలంటే ఒక యుగం. పదకొండో రోజున నేను ఫోను మాట్లాడి వచ్చేసరికి లోపల ముగ్గురున్నారు, ముగ్గురూ నన్ను చూసి “ఇప్పుడే ఎక్కాము” అన్నారు, నియమాల అట్ట మీద ఒకరు పువ్వు బొమ్మ వేశారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ సాయంత్రమే బోల్టులు విప్పేశాను.

విప్పిన ఫ్రేమును ఎవరికైనా ఇవ్వాలంటే మనసొప్పలేదు, తెలిసి తెలిసి ఇంకొక ఇంటి పిల్లలకు అంటగట్టడమే అవుతుందనిపించి పాత ఇనుముకు వేశాను. వలను మాత్రం మా ఆవిడ ఉంచమన్నది. పెరటి గోడకు కట్టి దాని మీదికి ఒక పూలతీగను పాకించింది. రెండేళ్ళు ఎండలో ఉన్న నైలాను పెళుసుబారిందని అప్పటిదాకా మేము గమనించలేదు. తీగ గుబురుగా పెరిగి, ఇంకా మొగ్గలైనా తొడగకముందే, ఒక మధ్యాహ్నం గాలికి వల పై నుంచి కింది దాకా చిరిగి తీగతో సహా నేల మీద పడి ఉన్నది.