చెల్లెలిని సంతకం అడగకండి

ప్రశ్న: నా వయసు 36. హైదరాబాద్‌లో ప్రైవేటు కంపెనీలో సూపర్‌వైజర్‌ని, జీతం 30 వేలు. నాన్న లేరు. అమ్మకు 61 ఏళ్లు. రెండేళ్ల కిందట గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ బయటపడింది. ఆరోగ్యశ్రీలో కరెంటు (రేడియేషన్) పెట్టించాం, కీమో చేయించాం. ఇప్పుడు కాలేయానికి, ఎముకలకు పాకింది, మంచం దిగలేకపోతోంది. ఇక నొప్పి లేకుండా చూసుకోండి అని ప్రభుత్వ డాక్టర్లు పంపేశారు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మాత్రం మూడు వారాలకో ఇంజెక్షన్ ఇస్తే కొన్ని నెలలు కలిసిరావచ్చు అంటున్నారు. ఒక్కోదానికి లక్షన్నర పైనే. ఇప్పటికే రెండు రూపాయల వడ్డీకి 4 లక్షలు తెచ్చాను. నాన్న పేరున ఉన్న ఇరవై గుంటల పొలం అమ్ముదామంటే చెల్లెలు సంతకం పెట్టనంటోంది. మాది సింగిల్ బెడ్‌రూమ్ అద్దె ఇల్లు కావడంతో అమ్మ ఆరు నెలలుగా జగిత్యాల దగ్గర చెల్లెలి ఇంట్లోనే ఉంది. చెల్లెలి భర్త దుబాయ్‌లో ఉంటాడు. తను ఎలాగూ ఇంట్లోనే ఉండి బీడీలు చేసుకుంటుంది కాబట్టి అమ్మను చూసుకోవడం కష్టం కాదు. కానీ ఫోన్ చేస్తే చాలు, డబ్బులంటుంది. పోయిన నెల కూడా మూడు వేలు అడిగింది. పొలంలో వాటా మీద ఆశ పడుతోందని నా అనుమానం. సంతకానికి తనను ఎలా ఒప్పించాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఒప్పించకండి. పొలం అమ్మకండి. కొత్త అప్పు చేయకండి. మీరు అడిగినదానికి నా జవాబు ఇంతే.

ఆ ఇంజెక్షన్ గురించి మనసు ఊరుకోకపోతే, ఫైలు పట్టుకుని రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికో, నిమ్స్‌కో మీరొక్కరే వెళ్లి చూపించండి. మంచం దిగలేని స్థితిలో ఉన్న మనిషికి ఇది పనిచేస్తుందా, చేస్తే ఎన్నాళ్లు, ఆ రోజులు ఎలా గడుస్తాయి అని సూటిగా అడగండి. పూర్తిగా మంచాన పడిన రోగులకు ఇలాంటి మందులు ఇవ్వడానికి చాలామంది క్యాన్సర్ డాక్టర్లే వెనకాడతారు. మీకు ప్రభుత్వ డాక్టర్లు చెప్పిందీ అదే. వాళ్లు మీ అమ్మగారిని వదిలేయలేదు, ఇప్పుడు చేయాల్సిన వైద్యం నొప్పికి అని చెప్పారు.

నాకు బాధ, కోపం రెండూ కలిగించింది మీరు మామూలుగా రాసేసిన ఒక వాక్యం. ‘ఎలాగూ ఇంట్లోనే ఉంటుంది కాబట్టి కష్టం కాదు’ అన్నారు. ఈ ఆరు నెలల్లో అమ్మ దగ్గర ఒక్క రాత్రి మేలుకుని ఉన్నారా? ఎముకలకు పాకిన క్యాన్సర్‌లో మనిషిని పక్కకు తిప్పితే ప్రాణం పోతున్నట్టు అరుస్తారు. తిప్పకపోతే నడుం కింద పుండ్లు పడతాయి. రెండు గంటలకోసారి తిప్పాల్సిందే, అర్ధరాత్రి అయినా సరే. ఈ జబ్బులో రక్తం, చెడునీరు పోతూ ఉంటాయి, వాసన వస్తుంది. గుడ్డలు మార్చాలి, ఉతకాలి, ఒళ్లు తుడవాలి, గంజో జావో చెంచాతో పట్టాలి. బీడీల కూలి వెయ్యికి ఇంత అని లెక్క కదా. గంటకు నాలుగుసార్లు చాట పక్కన పెట్టి లేచే మనిషి రోజుకు ఎన్ని చుట్టగలదు? మీ చెల్లెలు అమ్మను చూసుకుంటూ తన కూలి కూడా పోగొట్టుకుంటోంది. మీరు అప్పుల వాళ్లకు నెలనెలా వడ్డీయే ఎనిమిది వేలు కడుతున్నారు. ఆ కట్టేటప్పుడు రాని చిరాకు, కన్నతల్లి కింద వేసే ప్యాడ్ల కోసం చెల్లెలు మూడు వేలు అడిగితే వచ్చింది.

ఆమె సంతకం పెట్టననడానికి ఆశే కారణమని ఎందుకు అనుకున్నారు? రోజూ అమ్మను చూస్తున్నది ఆమె. ఇంకో సూది కోసం అంబులెన్సులో హైదరాబాద్ దాకా తీసుకెళ్తే ఆ ఒళ్లు ఎంత నలిగిపోతుందో మీకంటే ఆమెకే ఎక్కువ తెలుసు. ఒకవేళ వాటా కోరుకుందే అనుకుందాం. తప్పేముంది? మీ నాన్నగారు వీలునామా రాయకుండా పోయి ఉంటే ఆ పొలంలో అమ్మకు, మీకు, చెల్లెలికి సమాన హక్కు ఉంది. పెళ్లి చేసి పంపినంత మాత్రాన అది పోదు. సేవకు వచ్చేసరికి ఆడబిడ్డ సొంత మనిషి, పొలం దగ్గరికి వచ్చేసరికి పరాయి మనిషి అనే లెక్క నేను ఒప్పుకోను.

మీరు చెడ్డ కొడుకని నేను అనుకోవడం లేదు. పక్కన ఉండలేకపోతున్నానన్న బాధ మిమ్మల్ని తినేస్తోంది. ఎంత డబ్బు పోస్తే అంత చేసినట్టు అనిపిస్తోంది. పొలం కూడా అమ్మేస్తే అమ్మకు అన్నీ చేశాను అని పదిమందికీ చెప్పుకోవచ్చు, మీకు మీరు చెప్పుకోవచ్చు. కానీ రేపు వడ్డీ కట్టలేక మీ పిల్లల చదువు ఆగిపోతే, అది మీ అమ్మగారు కోరుకునేదేనా?

అల్లుడి ఇంట్లో మంచం పట్టినందుకు ఆమె లోలోపల ఎంత కుమిలిపోతున్నారో ఆలోచించండి. కొడుకుండి కూతురి ఇంట్లో పోతానా అని ఆ తరం తల్లులకు ఉండే దిగులు చిన్నది కాదు. చెల్లెలికి అత్తమామలు ఉన్నారో లేదో మీరు రాయలేదు. ఉంటే వాళ్ల మాటలు కూడా రోజూ ఆ ఇద్దరి చెవినా పడుతుంటాయి. దుబాయ్‌లో ఉన్న భర్తకు ఆమె ఏం సర్దిచెప్పుకుంటోందో మీకు తెలియదు. మీది అద్దె ఇల్లు, జరగరానిది జరిగితే ఓనర్ ఒప్పుకోడని మీ భయం కావచ్చు. అర్థం చేసుకోగలను. ఊళ్లో మీ ఇల్లు ఉంటే దాన్ని తెరవండి. అమ్మకు అక్కడికి రావాలని ఉందేమో ఆమెనే అడగండి. ఉంటే మీరు సెలవు పెట్టి కొన్నాళ్లు అక్కడ ఉండండి, జీతం కోసినా సరే. ఇంకో ఇంజెక్షన్ ఖర్చు కంటే అది చాలా తక్కువ. దీన్ని మీ భార్య మీదికి మాత్రం నెట్టకండి. ఆమె వచ్చి చేస్తే సంతోషం, కానీ ఆ తల్లికి కొడుకు మీరు.

నొప్పి విషయం చెప్పాలి. అమ్మకు మార్ఫిన్ మాత్రలు ఇస్తున్నారా? లేకపోతే వెంటనే అమ్మ ఉన్న జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ సెంటర్ (నయం కాని జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే వైద్యం చేసే చోటు) గురించి అడగండి. తెలంగాణలో చాలా జిల్లాల్లో ఇవి ఉన్నాయి. ‘ఆలన’ పేరుతో వాహనంలో ఇంటికే వచ్చి మంచాన ఉన్నవాళ్లను చూసే ఏర్పాటు కూడా ఉంది. మార్ఫిన్ ఖరీదైన మందు కాదు. 2014లో చట్టం మార్చాక ఆసుపత్రులకు దాన్ని తెప్పించుకోవడం సులువైంది. అది అలవాటైపోతుందని, ప్రాణం తొందరగా తీస్తుందని ఊళ్లో భయపెడతారు, నమ్మకండి. డాక్టర్ చెప్పిన మోతాదులో, చెప్పిన వేళకు ఇవ్వాలి. నొప్పి వచ్చాక ఇద్దాం అని ఆపకూడదు. మలబద్ధకం చేస్తుంది కాబట్టి దానికి మందు మొదటి రోజు నుంచే అడిగి తీసుకోండి. వాసన తగ్గించడానికి కూడా మెట్రోనిడజోల్ లాంటి మందులు ఉన్నాయి, నర్సు ఎలా వాడాలో చూపిస్తుంది. వాసన తగ్గితే అమ్మ మనుషులను దగ్గరకు రానిస్తారు, మనవలను పక్కన కూర్చోబెట్టుకుంటారు. ఇంట్లో చూసుకోవడం బొత్తిగా కుదరని పరిస్థితి వస్తే హైదరాబాద్ ఖాజాగూడలో చివరి దశ రోగులను చూసుకునే స్పర్శ్ హాస్పిస్ ఉంది, అక్కడ డబ్బు తీసుకోరు.

ఈ శనివారం డ్యూటీ అయ్యాక బస్సెక్కండి. ముందు చెల్లెలికి ఫోన్ చేసి ఇంట్లో ఏమేం అయిపోయాయో అడిగి, అవి కొని తీసుకెళ్లండి. ఆ రాత్రి అమ్మ దగ్గర మీరు పడుకుని, చెల్లెలిని వేరే గదిలో తెల్లారేదాకా నిద్రపోనివ్వండి. మర్నాడు పొలం మాట ఎత్తవద్దు. ఆమె మీద పెట్టుకున్న అనుమానం గురించి క్షమించమని అడగండి. ఆమె ఏడిస్తే ఏడవనివ్వండి, తిడితే పడండి. నెలకు ఎంతవుతోందో ఇద్దరూ కూర్చుని రాసుకోండి. ఆ డబ్బు ఆమె అడక్కముందే ఒకటో తారీఖున పంపండి, ఆమె పోగొట్టుకున్న బీడీల కూలి కూడా అందులో కలపండి.