అంటార్కిటికా పోతానంటున్న బిడ్డ, అడ్వాన్సు కట్టబోతున్న తండ్రి

ప్రశ్న: నేను దేవరకొండ దగ్గరి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం బోధిస్తాను. మాకు ఒక్కతే బిడ్డ. నల్లగొండలో ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతున్నది. ఎవరూ చూడని చోటికి పోయి ఎవరికీ తెలియనిది కనుక్కుంటానంటున్నది. ఒకరోజు అంటార్కిటికా అంటుంది, ఇంకోరోజు సముద్రం అడుగు అంటుంది. హైదరాబాద్‌లోని ఒక కన్సల్టెన్సీ వాళ్లు విదేశంలో రెండు వారాల ‘వ్యోమగామి శిక్షణ’కు నాలుగున్నర లక్షలు అవుతుందని, నెలాఖరులోగా అడ్వాన్సు కట్టాలని చెప్పారు. బంధువులు మాత్రం కంప్యూటర్ సైన్స్ ఇంజనీరింగ్ (సీఎస్‌ఈ)లో చేర్పించమంటున్నారు. ఉన్నది ఒక్కతే బిడ్డ కాబట్టి మాకు భయంగా ఉన్నది. పరిశోధన, అంతరిక్షం, సీఎస్‌ఈ: ఈ మూడింటిలో జీతం, భద్రత పరంగా ఏది మేలో పోల్చి చెప్పగలరు.

జవాబు: ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం. ఊరు, సంస్థ పేరు, అడిగిన మొత్తం మారుతాయే తప్ప ఇదే ప్రశ్న సూర్యాపేట నుంచి గద్వాల దాకా ఎందరో తల్లిదండ్రుల దగ్గర నుంచి నాకు ఏటా వస్తూనే ఉంటుంది. మీ ఉత్తరంలో జీతం ప్రస్తావన ఒక్కసారి వచ్చింది, ‘ఒక్కతే బిడ్డ’ అన్న మాట రెండుసార్లు వచ్చింది. కనుక మిమ్మల్ని నిద్రపోనివ్వనిది జీతం కాదని, అమ్మాయి చెయ్యి దాటి దూరం పోతుందేమోనన్న దిగులని నాకు అర్థమైంది. ముందు దానికి జవాబు రాసి, మీరు అడిగిన పోలికను తరువాత చెబుతాను.

అంతకన్నా ముందు ఆ నాలుగున్నర లక్షల సంగతి తేల్చాలి. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుడిపై దిగిన తరువాత, మళ్లీ 2025లో శుభాంశు శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లి వచ్చిన తరువాత, మన పిల్లల్లో అంతరిక్షంపై పుట్టిన ఉత్సాహం చూసి నేనూ సంతోషించాను. ఆ ఉత్సాహానికి ధర కట్టి అమ్మేవాళ్లను చూస్తే మాత్రం నాకు అనుమానమే కలుగుతుంది. శుక్లా సహా, మన మానవసహిత అంతరిక్ష యాత్ర గగన్‌యాన్‌కు ఎంపికైన నలుగురూ భారత వైమానిక దళంలో టెస్ట్ పైలట్లుగా పనిచేసినవారు. పాలమూరు మూలాలున్నాయని మన పత్రికలు గర్వంగా రాసిన రాజా చారి కూడా అమెరికా వైమానిక దళంలో టెస్ట్ పైలట్‌గా పనిచేసిన తరువాతే నాసాకు ఎంపికయ్యారు. వీరిలో ఎవరూ రెండు వారాల క్యాంపు ధ్రువపత్రం చూపించి రోదసిలోకి పోలేదు. ఇస్రోలో ఉద్యోగానికి గానీ, తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యాసంస్థలో సీటుకు గానీ, ఐఐటీలో ప్రవేశానికి గానీ అటువంటి పత్రం అక్కరకు రాదు. వ్యోమగామి దుస్తులతో ఫొటో, గుండ్రంగా తిరిగే కుర్చీలో కొన్ని నిమిషాలు, ఒక మ్యూజియం సందర్శన: ఇవి విహారయాత్రగా బాగానే ఉంటాయి, విహారయాత్రకు డబ్బున్నవాళ్లు వెళ్లవచ్చు. దానికి శిక్షణ అని పేరు పెట్టడమే నాకు అభ్యంతరం. ఆస్ట్రోఫిజిక్స్ చదువుతామని వచ్చే పిల్లల్లో చాలామందికి ఆ పనిలో అధికభాగం కంప్యూటర్ ముందు కూర్చొని గణాంకాలతో కుస్తీ పట్టడమేనని ఎవరూ చెప్పి ఉండరు. చెప్పిన తరువాత కూడా కళ్లు మెరిసే పిల్లలు కొందరుంటారు, వాళ్లే ఆ దారికి తగినవాళ్లు.

ఇక్కడ మీతో కొంచెం కఠినంగా మాట్లాడవలసి ఉంది. మీరు మీ ఉత్తరంలో కన్సల్టెన్సీ వాళ్లు చెప్పింది రాశారు, బంధువులు చెప్పింది రాశారు. అమ్మాయి ఏ ప్రశ్న వెంట పడి ఈ మాట అంటున్నదో ఒక్క వాక్యమైనా రాయలేదు. అడగలేదా, అడిగినా వినలేదా? నేను ఎరిగిన తల్లిదండ్రుల్లో కొందరు ఇటువంటి క్యాంపులకు డబ్బు కట్టడం వెనుక ఒక లెక్క ఉంటుంది: ఒకసారి పంపితే ముచ్చట తీరుతుంది, తరువాత చెప్పిన కోర్సులో బుద్ధిగా చేరుతుంది. మీ లెక్క అదే అయితే అది అమ్మాయి కోరికకు మీరు ఇస్తున్న గౌరవం కాదు, ఆ కోరికను కొనివేయడానికి మీరు పెడుతున్న ఖర్చు. తరగతిలో ‘ఎందుకు’ అని అడిగే పిల్లను మెచ్చుకునే ఉపాధ్యాయులు ఇంట్లో అదే ప్రశ్నకు జడవడం నాకు కొత్తేమీ కాదు. కొత్త కానంత మాత్రాన అది సబబు అయిపోదు.

ఇక మీ దిగులు. తెలియని చోటికి పోవడమంటే ఒంటరిగా సంచి తగిలించుకొని మాయమైపోవడమని సినిమాల వల్లా వీడియోల వల్లా మనకు ఒక భ్రమ ఏర్పడింది. భారతదేశం తొలి అంటార్కిటికా యాత్ర సముద్ర శాస్త్రవేత్త ఎస్.జెడ్. ఖాసిం నాయకత్వంలో 1981 డిసెంబరులో గోవా నుంచి బయలుదేరి 1982 జనవరి 9న అక్కడికి చేరింది. ఇప్పుడు మనకు అక్కడ 1989 నాటి మైత్రి, 2012 నాటి భారతి అనే రెండు కేంద్రాలు పనిచేస్తున్నాయి. ఆ యాత్రలను గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం నిర్వహిస్తుంది. ఎంపికైన వారికి క్షుణ్ణంగా వైద్య పరీక్షలు చేస్తారు, ఉత్తరాఖండ్‌లోని ఔలీలో సరిహద్దు దళమైన ఐటీబీపీ వారి దగ్గర మంచులో మెలగడం నేర్పిస్తారు, వైద్యుడూ వంటవాడూ మెకానిక్కూ ఉన్న బృందంతో పంపిస్తారు. వేసవి బృందం కొద్ది నెలల్లో తిరిగి వస్తుంది, శీతకాలం గడిపే చిన్న బృందం ఏడాదికి పైగా అక్కడే ఉంటుంది. 1983లో బయలుదేరిన మూడో యాత్రలోనే సుదీప్తా సేన్‌గుప్తా, అదితి పంత్ అనే ఇద్దరు మహిళా శాస్త్రవేత్తలు వెళ్లారు. నలభై ఏళ్ల కిందటే ఇద్దరు మహిళలు పోయి పని చేసుకొని వచ్చిన చోటు గురించి, అమ్మాయి అన్న కారణంతో ఈనాడు సందేహించవలసిన పని లేదు. సేన్‌గుప్తా పర్వతారోహణలో శిక్షణ పొందినవారే గానీ, ఆమెను అక్కడికి తీసుకుపోయింది రాళ్ల మడతలను చదవగల విద్య. సాహసం ఆ విద్యతో కలిసి వచ్చింది.

ప్రమాదం అసలే ఉండదని నేను చెప్పను. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో పైకప్పు కూలి ఎనిమిది మంది ప్రాణాలు పోయిన సంగతి మీ ప్రాంతంలో మరచిపోయినవారు ఉండరు. ఆ సొరంగం మీ నల్లగొండకు కృష్ణా నీళ్లు తేవడానికి తలపెట్టినదే. ముందున్న రాయి ఎంత బలహీనమో, దాని వెనుక ఎంత నీరు నిలిచి ఉందో తెలియకపోవడం ఎంత ప్రమాదమో ఆ దుర్ఘటన చూపించింది. ఆ తరువాత మిగిలిన సొరంగ మార్గంపై హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అంటే ఉప్పల్‌లోని ఎన్‌జీఆర్‌ఐ, హెలికాప్టర్‌కు పరికరాన్ని వేలాడదీసి విద్యుదయస్కాంత సర్వే చేపట్టింది. పై నుంచి పంపిన సంకేతానికి భూమి లోపలి పొరలు ఇచ్చే ప్రతిస్పందనను బట్టి ఎక్కడ రాయి గట్టిగా ఉందో, ఎక్కడ పగిలి నీరు పట్టి ఉందో అంచనా వేస్తారు. నల్లమల మీద ఎగురుతూ ఎవరూ చూడని లోతును చదివే ఈ పని మీ అమ్మాయి చెబుతున్న పని కాదా? అది దేవరకొండ నుంచి ఎంత దూరం?

మీ పక్క మండలాల సంగతే చూడండి. మర్రిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతాల్లో రెండు మూడు తరాల ఎముకలను వంచిన ఫ్లోరైడ్ ఆకాశం నుంచి రాలేదు. మన గ్రానైట్‌లోని ఫ్లోరైట్, బయోటైట్, అపటైట్ వంటి ఖనిజాల నుంచి అది భూగర్భ జలంలోకి దిగుతుంది, కాల్షియం తక్కువగా ఉన్న నీటిలో మరింత పేరుకుంటుంది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి. పటిక, సున్నం వేసి దాన్ని తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ ‘నీరి’ 1970లలో రూపొందించింది. నీటి శుద్ధి పాఠ్యగ్రంథాలు నేటికీ దాన్ని ‘నల్గొండ టెక్నిక్’ అనే పిలుస్తాయి. ఒకే ఊరిలో ఒక బోరు నీళ్లు తాగదగినవిగా ఉండి, పక్క చేనులోని బోరు నీళ్లు విషమెందుకవుతాయో పాయింటు చూసే కొబ్బరికాయ చెప్పదు. రాయిలోని పగుళ్లను, నీటి రసాయనాన్ని కలిపి చదివినవాళ్లు చెప్పగలరు, వాళ్లకు కూడా ప్రతిచోటా జవాబు దొరకలేదు.

పాలమూరు వైపు నారాయణపేట, మద్దూరు పరిసరాల్లో కింబర్లైట్ అనే రాయి ఉంది. సుమారు 110 కోట్ల సంవత్సరాల కిందట, 150 కిలోమీటర్లకు మించిన లోతు నుంచి పైకి తన్నుకువచ్చిన రాయి అది. వజ్రాలు ఎక్కువగా దొరికేది కింబర్లైట్‌లోనే అయినా ఇక్కడివాటిలో చెప్పుకోదగ్గ వజ్రాలు లేవు. మనిషి తవ్విన అత్యంత లోతైన రంధ్రం, రష్యాలోని కోలా దగ్గరిది, 12,262 మీటర్ల వద్ద ఆగిపోయింది. భూమి కేంద్రం 6,371 కిలోమీటర్ల లోతున ఉంది. ఏ యంత్రమూ చేరలేని లోతు నుంచి వచ్చిన ముక్క నారాయణపేట చేలలో పడి ఉండగా, తెలియనిది చూడడానికి విమానం టికెట్టే కావాలనుకోవడం నాకు వింతగా తోస్తుంది.

ఈ విద్యలో ఇంకొక కోణాన్ని కూడా అమ్మాయికి ముందే చెప్పండి. మీ నల్లగొండ జిల్లాలోని లంబాపూర్, పెద్దగట్టులోనూ, ఆపైన అమ్రాబాద్ అడవిలోనూ యురేనియం అన్వేషణ జరిగినప్పుడు ఊళ్లూ చెంచు పెంటలూ వ్యతిరేకించాయి. నల్లమలలో తవ్వకాలు వద్దని 2019లో రాష్ట్ర శాసనసభ తీర్మానం చేసింది. కనుక్కున్నవాళ్లకు కనుక్కున్న చోట బతికేవాళ్లకు జవాబు చెప్పవలసిన బాధ్యత ఉంటుంది. ఆ బాధ్యత బరువనిపించని పిల్లలు ఈ రంగంలోకి రాకపోయినా నష్టం లేదు.

మీరు అడిగిన పోలిక ఇదిగో, క్లుప్తంగానే. సీఎస్‌ఈ నాలుగేళ్లలో ఉద్యోగానికి చేర్చవచ్చు, చేర్చకపోవచ్చు. అది కళాశాల కన్నా విద్యార్థి మీదే ఎక్కువగా ఆధారపడుతుంది, ఇష్టం లేకుండా చేరినవాళ్ల బ్యాక్‌లాగులు నేను చాలానే చూశాను. పరిశోధన దారి పొడవైనది. జియాలజీ ఉన్న బీఎస్సీ ఉస్మానియా పరిధిలో కొద్ది కళాశాలల్లోనే దొరుకుతుంది. తరువాత జామ్ పరీక్ష ద్వారా ఐఐటీలో ఎమ్మెస్సీ గానీ, ఉస్మానియాలోనే జియోఫిజిక్స్ గానీ చేయవచ్చు. ఇంటర్ తరువాత నేరుగా కేంద్ర విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థలైన ఐసర్‌లలో, తిరుపతి వంటి చోట్ల చేరవచ్చు, ర్యాంకు వస్తే ఖరగ్‌పూర్, ధన్‌బాద్ ఐఐటీల్లో భూవిజ్ఞాన కోర్సులు ఉన్నాయి. యూపీఎస్సీ ద్వారా భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ (జీఎస్‌ఐ)లో జియాలజిస్టుగా చేరితే మూలవేతనం 56,100 రూపాయలతో మొదలవుతుంది, పీహెచ్‌డీ చేస్తుండగా వచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు. పోస్టులు ఒక్కో ఏడు బాగా తగ్గిపోతాయన్నది కూడా నిజం. అంతరిక్షం వేరే దారి అనుకోకండి, అక్కడికి కూడా ఇంజనీరింగ్ నుంచో భౌతికశాస్త్రం నుంచో వెళ్లవలసిందే. భద్రత విషయంలో మీ బెంగ తీర్చే ఒక విషయం ఉంది: జీఎస్‌ఐ శిక్షణ సంస్థ, ఎన్‌జీఆర్‌ఐ, అణు ఖనిజాల డైరెక్టరేట్, సునామీ హెచ్చరికలు ఇచ్చే ఇన్‌కాయిస్, గనుల సంస్థ ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయం, ఇవన్నీ హైదరాబాద్‌లోనే ఉన్నాయి. ఏడాదిలో కొన్ని నెలలు ఫీల్డుకు పోయినా ఇంటికి దగ్గరగా స్థిరపడే అవకాశం ఈ రంగంలో, అమెరికాలో స్థిరపడే సాఫ్ట్‌వేర్ పిల్లలతో పోలిస్తే, నా అంచనాలో ఎక్కువే. దూరం గురించి భయపడి సీఎస్‌ఈ ఎంచుకునే తల్లిదండ్రులు ఈ మాట ఎందుకు ఆలోచించరో నాకు బోధపడదు.

అమ్మాయి ఒకరోజు అంటార్కిటికా, మరొకరోజు సముద్రం అనడం నిలకడలేనితనం కాదు. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్‌ఐఓటీ) ముగ్గురిని సముద్రంలో ఆరు వేల మీటర్ల లోతుకు తీసుకుపోయే మత్స్య-6000 అనే వాహనాన్ని తయారు చేస్తున్నది. ఆ పనికీ, మంచు కింది శిలలను చదివే పనికీ పునాది అదే భౌతికశాస్త్రం, అదే గణితం. ఆ గణితం నేర్పే మనిషి ఇంట్లోనే ఉన్నందుకు అమ్మాయి అదృష్టవంతురాలు. ప్రోగ్రామింగ్ కూడా నేర్చుకోమనండి, భూకంప తరంగాల లెక్కలు ఇప్పుడు అది లేకుండా సాగవు.

వార్షిక పరీక్షల తరువాత సెలవుల్లో భువనగిరి కోట కింది రాక్ క్లైంబింగ్ స్కూలులో చిన్న కోర్సుకు పంపండి. 2014లో పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ తొలి పాఠాలు నేర్చుకున్నది ఆ బండ మీదే. ఆ తరువాత మీరిద్దరూ కలిసి ఆంధ్రప్రదేశ్‌లోని బెలూం గుహలకు వెళ్లండి. మూడు కిలోమీటర్లకు పైగా సాగే ఆ గుహను 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే జీఎస్‌ఐ శాస్త్రవేత్త ప్రస్తావించాక, ఒక జర్మన్ బృందం 1982–84లో కొలిచేవరకు సుమారు వందేళ్లపాటు ఎవరూ పూర్తిగా పట్టించుకోలేదు. ఎండలో నడిచి, నోటు పుస్తకంలో రాసుకొని, సాయంత్రం కాళ్లు నొప్పులు పుట్టినా మరునాడు మళ్లీ పోదామంటే ఈ కోరికలో సత్తువ ఉన్నట్టే. ఫొటోలు తీసుకొని ఫోనులో మునిగిపోతే అది కూడా మీకు ఉచితంగానే తెలుస్తుంది, అప్పుడు సీఎస్‌ఈ గురించి తాపీగా మాట్లాడుకోవచ్చు.

అడ్వాన్సు మాత్రం కట్టకండి. ఇప్పటికే కట్టి ఉంటే రసీదు జతచేసి, డబ్బు తిరిగి ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి, ఫోనులో ఇచ్చే హామీతో ఊరుకోకండి. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫిర్యాదు చేసి, అక్కడా పని జరగకపోతే నల్లగొండలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించండి.