క్యాలెండర్‌కి ఇల్లు ఒకటే ఉండాలి

అమ్మాయీ,
ఆశీస్సులు.

ఫోన్‌లో రాసుకున్న అపాయింట్‌మెంటు కంప్యూటర్‌లో కనబడటం లేదని, కంప్యూటర్‌లో ఉన్నవేమో ఫోన్‌లో రెండేసి చొప్పున వస్తున్నాయని రాశావు. ఈ రెండు తిప్పలకీ మూలం ఒకటే అయి ఉంటుంది. నీ పనులన్నీ ఒక్క చోట కాకుండా మూడు నాలుగు చోట్ల చెదిరి ఉన్నాయి. రెండు గంటలు తీరిక చేసుకుని, నేను రాసిన వరుసలోనే సర్దుకుంటూ రా. వరుస మారిస్తే ఉన్నవి పోయే ప్రమాదం ఉంది.

ముందు ఇల్లు ఎంచుకో. క్యాలెండర్ నిజంగా ఉండేది ఖాతాలో, అంటే ఆ సంస్థ సర్వర్లో. ఫోను, కంప్యూటరు ఆ ఇంటికున్న కిటికీలు మాత్రమే. గూగుల్, ఐక్లౌడ్, మైక్రోసాఫ్ట్ మూడిట్లో ఒకటి తీసుకో. ఆండ్రాయిడ్ ఫోను, విండోస్ కంప్యూటరు ఉంటే గూగుల్ హాయి. ఐఫోను, మ్యాక్ రెండూ ఉండి ఇంకేదీ వాడకపోతే ఐక్లౌడ్ చాలు. ఆండ్రాయిడ్‌లోకి ఐక్లౌడ్ క్యాలెండర్ తెచ్చుకోవాలంటే వేరే యాప్ సాయం కావాలి, అందుకే ఆ జతను నేను వద్దంటాను. మైక్రోసాఫ్ట్ వ్యక్తిగత ఖాతాకి కాల్‌డావ్ దారి లేదు కాబట్టి ఆ దారి మీదే నడిచే యాప్‌లతో అది కలవదు. కాల్‌డావ్ అంటే క్యాలెండర్ సర్వర్‌తో యాప్‌లు మాట్లాడుకునే పద్ధతి, 2007లో ఆర్ఎఫ్‌సీ 4791 అనే ఇంటర్నెట్ ప్రమాణంగా ఖరారైంది. ఆఫీసు క్యాలెండర్ ఆఫీసు ఖాతాలోనే ఉండనీ. దాన్ని సొంత ఖాతాలోకి కాపీ చేయకు, రెండు ఖాతాలనూ ఒకే యాప్‌లో పక్కపక్కన చూసుకో.

ఇల్లు ఎంచుకున్నాక, దేన్నీ కదపకముందే, ఇప్పుడున్నదంతా ఒక ప్రతి తీసి పెట్టు. గూగుల్ అయితే కంప్యూటర్ బ్రౌజర్లో క్యాలెండర్ తెరిచి, సెట్టింగ్స్‌లో ఇంపోర్ట్ అండ్ ఎక్స్‌పోర్ట్‌కి వెళ్ళి ఎక్స్‌పోర్ట్ నొక్కు. ఒక జిప్ ఫైలు దిగుతుంది, లోపల ఒక్కో క్యాలెండర్‌కీ ఒక్కో ఐసీఎస్ ఫైలు (క్యాలెండర్ యాప్‌లన్నీ చదవగలిగే ఫైలు రకం) ఉంటుంది. ఈ పని ఫోన్ యాప్‌లో కాదు, కంప్యూటర్లోనే చేయాలి. మ్యాక్‌లో ఎడమ పట్టీలోని క్యాలెండర్ పేరు మీద నొక్కి, ఫైల్ మెనూలోంచి ఎక్స్‌పోర్ట్ చేస్తే అదే రకం ఫైలు వస్తుంది. ఫైలు పేరులో తేదీ రాసి దాచు.

ఇప్పుడు ఏది ఎక్కడుందో వెతుకు. ఫోన్‌లో ఏదైనా ఒక ఈవెంట్ తెరిస్తే కింద అది ఏ క్యాలెండర్‌కి చెందిందో పేరు కనిపిస్తుంది. అక్కడ నీ ఈమెయిల్ చిరునామా ఉంటే అది ఖాతాలో ఉన్నట్టు. 'మై ఫోన్', 'ఆన్ మై ఐఫోన్', 'ఆన్ మై మ్యాక్' లాంటి పేరుంటే అది ఆ యంత్రంలోనే ఇరుక్కుని ఉన్నట్టు. అది ఏ సింక్‌తోనూ, అంటే పరికరాల మధ్య మార్పులు కలిపే ఏ పద్ధతితోనూ బయటికి రాదు, ఆ యంత్రం పాడైతే దానితోపాటే పోతుంది. ఇలాంటివి పదీ ఇరవై ఉంటే ఒక్కొక్కటీ ఎడిట్ చేసి క్యాలెండర్ పేరు మార్చడం మేలు. కొన్ని ఫోన్ యాప్‌లు పేరు మార్చనివ్వవు, అప్పుడు కొత్తగా రాసి పాతది చెరిపెయ్యి. వందల్లో ఉంటే మ్యాక్‌లో ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలును ఖాతాలోకి ఇంపోర్ట్ చెయ్యి. గూగుల్ ఇంపోర్ట్‌కి ఫైలు 1 ఎంబీ లోపే ఉండాలి, పెద్దదైతే ముక్కలు చేసుకోవాలి. పిలిచిన అతిథుల జాబితా, వీడియో కాల్ లింకులు ఇంపోర్ట్‌లో రావు. ముఖ్యమైన మీటింగులకి వాటిని చేత్తో చేర్చుకో. అన్నీ చేరాయని కళ్ళతో చూసుకున్నాకే యంత్రంలోని పాతవాటిని తీసెయ్యి. ఇక్కడ బద్ధకించి రెండూ అలాగే వదిలేస్తే ప్రతిదీ రెండేసి కనిపిస్తుంది. నీ ఫోన్‌లో జరుగుతున్నది ఇదేనని నా అనుమానం.

ఇక పరికరాలను కలుపు.

ఆండ్రాయిడ్‌లో రెండు స్విచ్‌లున్నాయి, చాలామంది ఒకటే చూసి ఆగిపోతారు. మొదటిది ఫోన్ సెట్టింగ్స్‌లో ఖాతాల కింద, నీ గూగుల్ ఖాతా తెరిస్తే వచ్చే సింక్ జాబితాలో క్యాలెండర్ ఎదురుగా ఉంటుంది. రెండోది గూగుల్ క్యాలెండర్ యాప్ సెట్టింగ్స్‌లో, ఒక్కో క్యాలెండర్ పేరు నొక్కితే వచ్చే 'సింక్' స్విచ్. పక్క మెనూలో పేర్ల ముందుండే టిక్కు గుర్తు వేరు. అది తెర మీద చూపించాలా వద్దా అన్నంతవరకే. టిక్కు ఉండి సింక్ ఆపి ఉంటే కొత్తవేవీ రావు.

ఐఫోన్‌లో ఖాతాను సెట్టింగ్స్‌లోని క్యాలెండర్ భాగంలో చేర్చాలి. ఐఓఎస్ 18 నుంచి ఆ భాగం 'యాప్స్' అనే విభాగం లోపలికి వెళ్ళింది. గూగుల్ ఖాతా చేర్చేటప్పుడు గూగుల్ లాగిన్ పేజీ ద్వారానే చేర్చు, సర్వర్ పేరు, పాస్‌వర్డు చేత్తో కొట్టే పాత పద్ధతి వదిలెయ్యి. ఖాతాల కింద 'ఫెచ్ న్యూ డేటా' అని ఉంటుంది, దాన్ని తప్పక చూడు. ఐక్లౌడ్ మార్పులు పుష్ ద్వారా, అంటే సర్వరే తనంతట పంపడం వల్ల, వెంటనే వస్తాయి. ఐఫోన్ సొంత క్యాలెండర్ యాప్‌లో గూగుల్ మార్పులు మాత్రం ఫోను వెళ్ళి అడిగినప్పుడే వస్తాయి. ఆ అడగడం 'ఆటోమేటిక్' మీద ఉంటే, ఫోను చార్జింగ్‌లో ఉండి వైఫైకి తగులుకున్నప్పుడే వెనకాల జరుగుతుంది. పొద్దున పది గంటలకి మార్చిన మీటింగు రాత్రి చార్జర్ పెట్టాక కనిపించడానికి కారణం ఇదే. దాన్ని 15 నిమిషాలకి మార్చు. అంత ఆలస్యం కూడా పనికిరాదంటే ఐఫోన్‌లో గూగుల్ క్యాలెండర్ యాప్‌నే వేసుకో.

గూగుల్లో నీకున్న అదనపు క్యాలెండర్లు ఆపిల్ యాప్‌లో రాకపోతే తప్పు ఫోన్‌ది కాదు. గూగుల్ వాళ్ళ సింక్‌సెలెక్ట్ పేజీలో వాటికి టిక్కు పెట్టి ఉండదు. బ్రౌజర్లో క్యాలెండర్ డాట్ గూగుల్ డాట్ కామ్ తర్వాత స్లాష్ క్యాలెండర్ స్లాష్ సింక్‌సెలెక్ట్ అని కొట్టి, కావలసినవాటికి టిక్కు పెట్టి సేవ్ చెయ్యి.

కంప్యూటర్లో అన్నిటికంటే నమ్మకమైనది బ్రౌజరే. యాప్ కావాలంటే మ్యాక్‌లో క్యాలెండర్, విండోస్‌లో కొత్త అవుట్‌లుక్, ఎక్కడైనా థండర్‌బర్డ్ ఉన్నాయి. పాత అవుట్‌లుక్‌లో జీమెయిల్ ఖాతా కలిపితే మెయిల్ మాత్రమే వస్తుంది, క్యాలెండర్ రాదు. గంటలు గంటలు సెట్టింగ్స్ వెతికినా దొరకదు, ఎందుకంటే అది ఖాతాని కలిపే ఐమ్యాప్ అనే దారి మెయిల్‌కే. విండోస్‌తో వచ్చిన పాత మెయిల్, క్యాలెండర్ యాప్‌లకి 2024 డిసెంబరు 31తో మద్దతు ఆగిపోయింది, వాటిని నమ్ముకోకు.

అన్నీ కలిపాక మిగిలేది డిఫాల్ట్ క్యాలెండర్. నా మాటల్లో ఒక్కటే గుర్తుంచుకునే ఓపిక ఉంటే ఇది గుర్తుంచుకో. కొత్త ఈవెంట్ రాసినప్పుడు ఏ క్యాలెండర్ అని నువ్వు చెప్పకపోతే యాప్ డిఫాల్ట్‌లో పడేస్తుంది. ఫోన్ డిఫాల్ట్ ఒక ఖాతా, కంప్యూటర్ డిఫాల్ట్ ఇంకో ఖాతా అయితే నువ్వు ఇవాళ చేసిన సర్దుబాటంతా నెల తిరిగేసరికి మళ్ళీ చెదిరిపోతుంది. సింక్ మాత్రం ఏ లోపమూ లేకుండా పనిచేస్తూనే ఉంటుంది, తప్పు గూట్లో వేసిన కాగితాన్ని తప్పు గూట్లోనే భద్రంగా ఉంచుతుంది. ఐఫోన్‌లో క్యాలెండర్ సెట్టింగ్స్ కింద 'డిఫాల్ట్ క్యాలెండర్' ఉంటుంది, మ్యాక్ యాప్ జనరల్ సెట్టింగ్స్‌లోనూ ఉంటుంది. ఫోన్‌తో వచ్చిన సొంత క్యాలెండర్ యాప్ ఉంటే దాన్లోనూ చూడు. గొంతుతో చెప్పి రాయించుకునే అలవాటు ఉంటే, అలా రాసినది ఎక్కడ పడుతోందో ఒకసారి తెరిచి చూసుకో.

నమ్మేముందు పరీక్ష చెయ్యి. ఫోన్‌లో రేపు మధ్యాహ్నం మూడు గంటలకి 'పరీక్ష' అని రాసి, బ్రౌజర్లో ఖాతా క్యాలెండర్ తెరిచి చూడు. తర్వాత కంప్యూటర్ యాప్‌లో చూడు. కంప్యూటర్లో దాన్ని నాలుగు గంటలకి జరిపి ఫోన్‌లో చూడు. చివరికి ఫోన్‌లో చెరిపి కంప్యూటర్లో పోయిందో లేదో చూడు. రాయడం పనిచేసి చెరపడం పనిచేయని సందర్భాలుంటాయి, కాబట్టి మూడూ చేయాలి. ఎక్కడైనా ఆగిపోతే మధ్యలో ఉన్న బ్రౌజరే సాక్షి. ఫోన్‌లో రాసింది బ్రౌజర్లోకే రాకపోతే లోపం ఫోన్ వైపు. బ్రౌజర్లో ఉండి కంప్యూటర్ యాప్‌లో లేకపోతే లోపం ఆ యాప్ వైపు. ఈ విభజన చేసుకోకుండా రెండు వైపులా సెట్టింగ్స్ తిప్పితే బాగున్నది కూడా చెడుతుంది.

ఫోన్ వైపు లోపమైతే బ్యాటరీ సేవర్, డేటా సేవర్ ఆపి ఉన్నాయో లేదో, ఆటో సింక్ స్విచ్ వేసి ఉందో లేదో, తేదీ సమయం ఆటోమేటిక్‌గా ఉన్నాయో లేదో ఈ వరుసలో చూడు. ఈమధ్య పాస్‌వర్డు మార్చి ఉంటే ఫోను మళ్ళీ లాగిన్ అడిగి ఉంటుంది, ఆ నోటిఫికేషన్‌ని నువ్వు పక్కకి తోసేసి ఉంటావు. యాప్ డేటా చెరిపెయ్యమని చాలామంది సలహా ఇస్తారు. అది ఆఖరి అస్త్రం. ఇంకా సర్వర్‌కి చేరని ఈవెంట్లు ఉంటే అవి దానితో పోతాయి, ముందు వాటిని వేరే కాగితం మీద రాసుకో.

లింకు ద్వారా చేర్చుకునే క్యాలెండర్ల సంగతి వేరు. ఎవరైనా ఐసీఎస్ లింకు ఇస్తే, దాన్ని చేర్చుకున్నా నువ్వు చదవడమే తప్ప మార్చలేవు. గూగుల్ అలాంటి లింకును తనకి వీలైనప్పుడే చూసుకుంటుంది, మార్పు కనబడటానికి గంటలు పడుతుంది, దాన్ని తొందరపెట్టే బటన్ లేదు. మ్యాక్‌లో మాత్రం 5 నిమిషాల నుంచి వారం దాకా ఎంచుకోవచ్చు. సెలవుల జాబితాకి ఈ దారి సరిపోతుంది, రోజూ మారే మీటింగులకి సరిపోదు. నీ సొంత క్యాలెండర్ తాలూకు రహస్య లింకు ఎవరికీ పంపకు. అది చేతిలో ఉన్నవాళ్ళకి పాస్‌వర్డు అక్కర్లేదు. పొరపాటున పంపి ఉంటే ఆ క్యాలెండర్ సెట్టింగ్స్‌లో రీసెట్ నొక్కు, పాత లింకు చచ్చిపోతుంది.

సమయాల గురించి రెండు మాటలు. పుట్టినరోజుల లాంటివి 'ఆల్ డే'గా రాయి. అర్ధరాత్రి 12 గంటలకని రాస్తే, పడమటి టైమ్ జోన్‌కి వెళ్ళగానే అది ముందు రోజుకి జారిపోతుంది. వేరే దేశంవాళ్ళు పిలిచే వారం వారం మీటింగును వాళ్ళ టైమ్ జోన్‌లోనే రాయి. వాళ్ళ గడియారం ఏడాదికి రెండుసార్లు మారే చోటైతే నీ క్యాలెండర్ దానంతట అదే సర్దుకుంటుంది. మళ్ళీ మళ్ళీ వచ్చే మీటింగు మార్చేటప్పుడు 'ఈ ఒక్కటి', 'ఇదీ తర్వాతవీ', 'అన్నీ' అని అడుగుతుంది కదా, చదవకుండా నొక్కకు.

అలారం రెండుసార్లు మోగుతోందంటే అది సింక్ తప్పు కాదు. ఒకే ఖాతాని రెండు యాప్‌లు చూపిస్తూ రెండూ మోగుతున్నాయి. ఒక యాప్‌లో నోటిఫికేషన్లు ఆపెయ్యి, ఖాతాని తీసెయ్యకు.

చెరపడం కూడా సింక్ అవుతుందని మరిచిపోకు. ఫోన్‌లో తీసేస్తే అన్నిచోట్లా పోతుంది. గూగుల్‌లో చెరిపినవి ఆ క్యాలెండర్ ట్రాష్‌లో సుమారు 30 రోజులుంటాయి, బ్రౌజర్లోంచి వెనక్కి తేవచ్చు. ఐక్లౌడ్ వెబ్‌సైట్‌లో డేటా రికవరీ కింద పాత ప్రతులుంటాయి, కానీ అది మొత్తం క్యాలెండర్నే పాత స్థితికి తిప్పుతుంది. మూడు నెలలకోసారి ఎక్స్‌పోర్ట్ తీసి దాచు, దానికి కూడా క్యాలెండర్లోనే ఒక రిమైండర్ పెట్టుకో. పాత ఫోను ఎవరికైనా ఇచ్చేటప్పుడు ఈవెంట్లు ఒక్కొక్కటీ చెరుపుతూ కూర్చోకు. సెట్టింగ్స్‌లోంచి ఖాతాని తీసేసి, ఆ తర్వాత ఫోన్ రీసెట్ చెయ్యి.

పరీక్షలో ఎక్కడ ఆగిందో రాస్తే ఆ ఒక్కచోటే చూద్దాం.

ఆశీస్సులతో,
పెదనాన్న