డాక్టర్ సలహా: ఏ2 పాలు సరే, ఐదు వారాల జ్వరం మాటేమిటి?

ప్రశ్న: నా వయసు 54. ఏడాదిగా పాలు తాగితే కడుపు ఉబ్బరం. మాది సంకర జాతి ఆవు. దాని పాలలో ఏ1 ప్రొటీన్ ఉంటుందని, అది ఒంటికి మంచిది కాదని విన్నాం. అందుకే నాలుగు నెలలుగా తెలిసినవారి నాటు ఆవు పాలు తెచ్చుకుంటున్నాను. కాచితే ఏ2 గుణం పోతుందన్నారని గుమ్మపాలే తాగుతున్నాను. ఉబ్బరం కొంత తగ్గింది. మా ఆవును అమ్మేయమంటారా? ఐదు వారాలుగా సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడుతోంది. రాత్రి చెమటలు, నడుము నొప్పి. మందుల షాపులో ఇచ్చిన మాత్రలు వేసుకుంటే తగ్గి మళ్లీ వస్తోంది.
– ఒక పాఠకురాలు, పల్నాడు జిల్లా

జవాబు: అమ్మా, ఆవు గురించి అంత వివరంగా రాసి, ఐదు వారాల జ్వరాన్ని చివర రెండు ముక్కల్లో సరిపెట్టారు. నేను చదవడం అక్కడి నుంచే మొదలుపెట్టాను.

పచ్చిపాలు తాగే అలవాటు, ఇంట్లో పశువు, విడిచి విడిచి వచ్చే జ్వరం, చెమటలు, నడుము నొప్పి. ఇవన్నీ ఒకేచోట కనిపిస్తే బ్రూసెల్లోసిస్ (పశువుల నుంచి మనుషులకు అంటుకునే బ్రూసెల్లా క్రిమి జబ్బు) ఉందేమోనని అనుమానించాలి. క్షయ కూడా ఇలాగే మొదలుకావచ్చు. మిమ్మల్ని చూడకుండా ఫలానా జబ్బేనని చెప్పలేను, చెప్పకూడదు కూడా. మీకు పాలు పోసేవారిని మాత్రం ఒక మాట అడగండి: వారి ఆవుల్లో ఏదైనా ఈ మధ్య ఈసుకుపోయిందా, అంటే నెలలు నిండకుండానే చూడి పోయిందా? మాయ పడక ఇబ్బంది పడిందా? మీ ఆవు సంగతీ గుర్తు చేసుకోండి. పశువుల్లో ఈ జబ్బు ఎక్కువగా చూడి చివరి నెలల్లోనే బయటపడుతుంది. ఆ మాయను వట్టి చేతులతో తీసినవారికీ అంటుకుంటుంది.

ఇది చదివిన రోజే ఫిజీషియన్‌ను కలవండి. పచ్చిపాలు తాగానని మీరే ముందు చెప్పండి, అడిగేంత తీరిక మాకు ఒక్కోసారి ఉండదు. బ్రూసెల్లా పరీక్ష, రక్తం కల్చర్ (రక్తంలోని క్రిమిని పెంచి చూసే పరీక్ష), ఛాతీ ఎక్స్‌రే అవసరం కావచ్చు. అవి ఆయన చూసి నిర్ణయిస్తారు.

షాపులో ఇచ్చిన మాత్రలేమిటో రాయలేదు. అవి యాంటీబయాటిక్ అయితే మూడు రోజుల పాటు జ్వరాన్ని అణచి, కల్చర్‌లో క్రిమి దొరకకుండా చేస్తాయి. జబ్బు మాత్రం కీళ్లలో, వెన్నుపూసల్లో తన పని తాను చేసుకుపోతుంది. బ్రూసెల్లోసిస్ అని తేలితే సాధారణంగా రెండు మందులు కలిపి కనీసం 6 వారాలు వాడాలి, మధ్యలో మానేస్తే తిరగబెడుతుంది. విడాల్ పరీక్ష ఒక్కటి చూసి టైఫాయిడ్ అనుకుని, విడతలు విడతలుగా సూదులు వేయించుకుని, చివరికి నడుము వంచలేని స్థితిలో వచ్చేవారిని చూస్తుంటాను. కోపం వస్తుంది, వాళ్ల ముఖం చూసి ఊరుకుంటాను. మీకు ఇంకా ఐదు వారాలే కాబట్టి మిమ్మల్ని కోప్పడవచ్చు.

ఇక మీరు అడిగింది. పాలలోని బీటా కేసీన్ అనే ప్రొటీన్ 209 అమైనో ఆమ్లాల గొలుసు. అందులో 67వ స్థానంలో ప్రోలిన్ ఉంటే ఏ2, హిస్టిడిన్ ఉంటే ఏ1. ఏ1 అరిగేటప్పుడు బీసీఎం-7 అనే చిన్న ముక్క ఊడివస్తుంది, గొడవంతా దాని మీదే. దానివల్ల మధుమేహం, గుండె జబ్బులు వస్తాయనడానికి ఆధారం తేలలేదని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2009లో చెప్పింది. పాలు ఏ1 రకమా, ఏ2 రకమా అన్నది నిర్ణయించే జన్యువు దూడకు తల్లి నుంచి ఒకటి, ఆబోతు నుంచి ఒకటి వస్తుంది. ఒంగోలు వంటి మన జాతుల్లో దాదాపు అంతా ఏ2, హోల్‌స్టీన్, జెర్సీలలో రెండూ ఉంటాయి. కాబట్టి మీ ఆవు ఏదన్నది రంగు చూసి చెప్పలేం, తోక వెంట్రుకల కుదుళ్లతో డీఎన్ఏ పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. అన్నట్టు గేదె పాలు కూడా ఏ2 రకమే. ఎందుకో ఆ పేరు చెప్పి గేదె పాలకు రెట్టింపు ధర ఎవరూ అడగరు.

కాచినంత మాత్రాన ఆ 67వ స్థానం మారిపోదు. ఏ2 పాలు పొంగు వచ్చేదాకా కాచినా ఏ2 పాలే. చచ్చేది బ్రూసెల్లా, క్షయ క్రిములు.

ఉబ్బరానికి లాక్టోస్ కారణం కావచ్చు. ఆ చక్కెర ఏ ఆవు పాలలోనైనా ఇంచుమించు ఒకే మోతాదులో, నూటికి నాలుగున్నర, ఐదు వంతులు ఉంటుంది. దాన్ని అరిగించే శక్తి పెద్దయ్యాక మనలో చాలామందికి తగ్గిపోతుంది, అది మన జన్యువుల్లోనే ఉంది. కొన్నాళ్లు పాలు తగ్గించి పెరుగు, మజ్జిగ వాడి చూడండి. అయితే యాభై దాటిన ఆడవారికి కొత్తగా మొదలై పోకుండా ఉండే ఉబ్బరాన్ని పాల మీదకే నెట్టలేం. పొట్ట స్కానింగ్ గురించి కూడా డాక్టర్‌ను అడగండి.

మీ ఆవును ఏ1 భయంతో అమ్మనక్కరలేదు. ముందు పశువైద్యుడితో బ్రూసెల్లా పరీక్ష చేయించండి. పెయ్యదూడ ఉంటే 4 నుంచి 8 నెలల వయసులో టీకా వేయించాలి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు వాడిన మాత్రల ఖాళీ అట్టలు వెంట తీసుకెళ్లండి. పారేసి ఉంటే షాపులో పేర్లు రాయించుకోండి. ఆ షాపుకు మళ్లీ వెళ్లేది అందుకు మాత్రమే కావాలి.