46 గ్రేడ్ ఒకటే అయినా కలపకూడని ఆయిల్స్ ఉంటాయి

స్క్రూ కంప్రెసర్‌లో (స్క్రూలతో గాలిని నొక్కి ప్రెజర్ పెంచే మెషీన్) ఆయిల్ తగ్గిందని అదే 46 గ్రేడ్ మినరల్ ఆయిల్ పోస్తే సైట్ గ్లాస్‌లో (ఆయిల్ మట్టం చూసే గాజు) జిగురులా తేలుతోంది, టెంపరేచర్ పెరుగుతోంది అన్నారు కదా, ముందు మెషీన్ ఆపేయండి. 46 అంటే 40 డిగ్రీల దగ్గర ఆయిల్ చిక్కదనం 46 సెంటిస్టోక్స్ అని, అంతే. దేంతో చేశారో అది చెప్పదు.

మినరల్ ఆయిల్ క్రూడ్ నుంచి వస్తుంది: మామూలు డిస్టిలేషన్‌లో మిగిలిన అడుగు సరుకును వాక్యూమ్‌లో మళ్లీ మరిగించి, సాల్వెంట్‌తో అరోమాటిక్స్ అనే అక్కర్లేని పదార్థాలు లాగేసి, మైనం తీసి చేస్తారు (ఇప్పుడు చాలాచోట్ల హైడ్రోజన్‌తో శుద్ధి చేస్తున్నారు). పీఏజీ (పాలీఆల్కిలీన్ గ్లైకాల్ అనే సింథటిక్ ఆయిల్) సంగతి వేరు, ప్రొపిలీన్ ఆక్సైడ్, ఇథిలీన్ ఆక్సైడ్‌లను గొలుసులా కలిపి తయారుచేస్తారు, మినరల్‌తో సరిగ్గా కలవదు. పీఏఓ (పాలీఆల్ఫాఒలెఫిన్) అనే ఇంకో సింథటిక్ అయితే మినరల్‌తో బాగానే కలుస్తుంది, కాబట్టి నా అనుమానం మీ పాత ఆయిల్ పీఏజీయే. పాత ఆయిల్ డ్రమ్ మీద లేబుల్ చూడండి.

పీఏజీయే అయితే ప్రెజర్ పూర్తిగా వదిలి, ఆయిల్ గోరువెచ్చగా ఉండగానే తీసేయండి, కూలర్‌లో, సెపరేటర్ ట్యాంక్‌లో (గాలి నుంచి ఆయిల్‌ను వేరుచేసేది) మిగిలింది కూడా. కంపెనీ చెప్పిన ఫ్లషింగ్ ఆయిల్‌తో కడిగి, ఆయిల్ ఫిల్టర్, సెపరేటర్ ఎలిమెంట్ రెండూ మార్చండి. పాత ఫిల్టర్ పర్లేదులే అనుకుంటే మళ్లీ అదే జిగురు.